తేనె పచ్చిగా మేలు, పాలు పచ్చిగా ముప్పు: ఇంటి దగ్గరే అమ్మే రైతుకు నిలిచే నమ్మకం ఏది?

విశాఖపట్నం నుంచి జాతీయ రహదారి మీద విజయనగరం వైపు వెళ్లేవారికి ఆనందపురం అంటే పూల మార్కెట్, కూరగాయలు గుర్తుకొస్తాయి. ఇప్పుడు నగరం చుట్టూ ఉన్న ఇలాంటి ఊళ్లలో మరో రకం అమ్మకం పెరుగుతోంది. ఇంటి ముందే చిన్న కొట్టు పెట్టి సొంత పశువుల పాలు, పెరుగు, నెయ్యి, వాటితోపాటు తేనె అమ్ముతున్నారు. బోర్డు మీద "పచ్చి తేనె, పచ్చి ఆవు పాలు, ఏ2 నెయ్యి" అని రాస్తున్నారు. కారు ఆపి కొనుక్కునే నగరవాసులూ పెరుగుతున్నారు.

ఇది మంచి మార్పే. దళారీ లేని అమ్మకం మనకు కొత్త కూడా కాదు. 1999లో రైతు బజార్లు మొదలైనప్పటి నుంచి ఈ ప్రాంత కూరగాయల రైతులకు అది అలవాటే. కానీ పాలు, తేనె వంకాయల్లాంటివి కావు. వంకాయ పుచ్చితే కంటికి కనిపిస్తుంది. పాలలో, తేనెలో ఉన్న లోపం కంటికి కనిపించదు. అందుకే ఇక్కడ అమ్ముడుపోయేది నమ్మకం. ఆ నమ్మకాన్ని బోర్డు మీద మాటలతో కట్టుకుంటే ఒక్క ఫిర్యాదుతో కూలిపోతుంది. పరీక్షకు నిలిచే పనులతో కట్టుకుంటే ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఇదే.

ఈ గిరాకీ ఎందుకు వచ్చింది?

గత అయిదారేళ్లలో జరిగిన కొన్ని పరిణామాలు జనాన్ని ప్యాకెట్ల నుంచి రైతు గడప వైపు నడిపించాయి. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనెను పరీక్ష చేయించి, వాటిలో 10 బ్రాండ్లు జర్మనీలో చేసిన ఎన్‌ఎంఆర్ పరీక్షలో నిలవలేదని ప్రకటించింది. కంపెనీలు ఆ ఫలితాలను ఒప్పుకోలేదు. అయినా చక్కెర పాకం అనుమానం వినియోగదారుల మనసులో మిగిలిపోయింది. 2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూ నెయ్యిపై వివాదం రేగింది. అదే ఏడాది అక్టోబరు 4న సుప్రీంకోర్టు దానిపై స్వతంత్ర దర్యాప్తు బృందాన్ని నియమించింది. ఆ తర్వాత నెయ్యి ఎక్కడి నుంచి వస్తోందని అడగని ఇల్లు లేదు.

మరోవైపు నగరమే ఊరి దగ్గరికి వచ్చేసింది. అనకాపల్లి-ఆనందపురం ఆరు వరుసల రహదారి వచ్చింది. భోగాపురం విమానాశ్రయానికి వెళ్లే దారీ ఇటే. 2025 అక్టోబరులో ఒప్పందం కుదిరిన గూగుల్ డేటా సెంటర్‌కు ఎంచుకున్న స్థలాల్లో ఆనందపురం మండలంలోని తర్లువాడ ఒకటి. కొనేవాళ్లు దగ్గరవుతున్నారు, అదే సమయంలో పశువులను తోలుకెళ్లే బయలు తగ్గిపోతోంది. పది పశువులు మేపిన ఇంట్లో మూడు, నాలుగే మిగిలితే, ఉన్న పాలకే ఎక్కువ ధర రాబట్టుకోవాలనుకోవడం సహజం. ఇంటి దగ్గర అమ్మకం వైపు రైతు మొగ్గడానికి ఇదీ ఒక కారణం.

"పచ్చి" అనే ఒక్క మాటకు రెండు అర్థాలు

ఒకే బల్ల మీద తేనె సీసా, పాల సీసా పక్కపక్కన పెట్టి రెండింటి మీదా "పచ్చి" అని రాయడం దగ్గరే చిక్కు మొదలవుతుంది.

తేనె తనను తాను కాపాడుకునే పదార్థం. అందులో దాదాపు 80 శాతం చక్కెరలే. తేమ 20 శాతం మించకూడదని మన ఆహార ప్రమాణాలు చెబుతున్నాయి. పైగా దానికి పులుపు గుణం ఉంటుంది. ఇంత చిక్కగా, ఇంత తక్కువ నీటితో ఉన్న చోట సూక్ష్మజీవులు పెరగలేవు. ఎక్కువగా వేడిచేస్తే దాని సువాసన పోతుంది, ఎంజైములు దెబ్బతింటాయి, హెచ్‌ఎంఎఫ్ అనే పదార్థం పెరుగుతుంది. కిలోకు 80 మిల్లీగ్రాములకు మించి హెచ్‌ఎంఎఫ్ ఉంటే ప్రమాణానికి నిలవదు. కాబట్టి తేనె విషయంలో "పచ్చి" అన్న మాటకు నిజంగానే విలువ ఉంది.

పాలు దీనికి పూర్తిగా ఎదురు. ఆవు పాలలో దాదాపు 87 శాతం నీరు. పులుపు దాదాపు లేదు. చక్కెర, మాంసకృత్తులు, కొవ్వు అన్నీ ఉన్నాయి. దూడకు ఎంత మంచి ఆహారమో సూక్ష్మజీవులకూ అంతే. మన వేసవి వేడిలో పితికిన పాలు మూడు నాలుగు గంటలు బయట ఉంటే, వాటిలోని సూక్ష్మజీవులు ఎన్నో రెట్లు పెరుగుతాయి. పాల విషయంలో "పచ్చి" అంటే ఇంకా కాచలేదు అని మాత్రమే, అందులో అదనపు మేలేమీ లేదు.

మన దేశంలో పచ్చి పాలు అమ్మడం నేరం కాదు. తరతరాలుగా అమ్ముతూనే ఉన్నాం. అది పెద్ద ముప్పుగా మారకపోవడానికి కారణం మన వంటిల్లే. పాలు రాగానే పొంగేదాకా కాచడం తెలుగింటి అలవాటు. మన పాశ్చరైజేషన్ ప్లాంటు ఆ పాలగిన్నే. అయితే కొత్తగా వస్తున్న కొనుగోలుదారుల్లో కొందరు పచ్చి పాలనే తాగితే మంచిదని విదేశీ వీడియోలు చూసి నమ్ముతున్నారు. ఆ మాట పుట్టిన అమెరికాలోనే, 2024 మార్చిలో పాడి ఆవులకు హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ సోకినట్టు బయటపడింది. జబ్బుపడిన ఆవుల పచ్చి పాలలో వైరస్ కనిపించింది. పాశ్చరైజేషన్ దాన్ని నిర్వీర్యం చేస్తుందని అక్కడి ఆరోగ్య సంస్థలు చెప్పి, పచ్చి పాలు తాగవద్దని హెచ్చరించాయి.

మన దగ్గర అంతకంటే దగ్గరి ముప్పు బ్రూసెల్లోసిస్. చూలు చివరి నెలల్లో పశువు ఈసుకుపోతే ముందుగా అనుమానించవలసిన జబ్బుల్లో ఇదొకటి. ఇది పాల ద్వారా మనిషికి సోకుతుంది. మాయను వట్టి చేతులతో తీసినా సోకుతుంది. వచ్చిపోయే జ్వరం, కీళ్ల నొప్పులు, చెమటలు నెలల తరబడి వేధిస్తాయి. కాబట్టి మీ సీసా మీద "పొంగేదాకా కాచి తాగండి" అని పెద్ద అక్షరాలతో రాయండి. అలా రాస్తే గిరాకీ తగ్గుతుందని భయపడవద్దు. ఆ మాట చెప్పే రైతునే చదువుకున్న కొనుగోలుదారు నమ్ముతాడు.

కాచినా పోనివి రెండున్నాయి

సూక్ష్మజీవుల సంగతి కాచడంతో తీరుతుంది. పశువుల పాకలోనే పాలలో కలిసిపోయే మరో రెండు మాత్రం ఎంత కాచినా పోవు. ఇక్కడ బాధ్యత పూర్తిగా రైతుదే.

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో దేశంలోని 1,103 పట్టణాల నుంచి 6,432 పాల నమూనాలు తీసి పరీక్షించింది. 2019 అక్టోబరులో ఫలితాలు వచ్చాయి. యూరియా, డిటర్జెంట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి కల్తీ దొరికినవి 12 నమూనాలు మాత్రమే. వాటిలో 9 తెలంగాణవి. కానీ అఫ్లాటాక్సిన్ ఎం1 హద్దు మించి ఉన్నవి 368. యాంటీబయాటిక్ అవశేషాలు హద్దు మించినవి 77. అంటే మనం భయపడే కల్తీ కంటే, ఎవరూ అనుమానించని బూజు దాణా పెద్ద సమస్యగా తేలింది.

అఫ్లాటాక్సిన్ బూజు పట్టిన వేరుశనగ చెక్క, పత్తి గింజల చెక్క, మొక్కజొన్న వంటి వాటిలో పుడుతుంది. పశువు తిన్న కొన్ని గంటల్లోనే పాలలోకి దిగుతుంది. మన తీరంలో తేమ ఎక్కువ, తుపాన్లు ఎక్కువ. దాణా బస్తాలను నేల మీద, గోడకు ఆనించి పెట్టకండి. చెక్క బల్ల మీద ఎత్తుగా పెట్టండి. నెల రోజులకు మించి నిల్వ చేయకండి. గడ్డకట్టిన, ముక్కవాసన వచ్చే చెక్కను "పశువే కదా" అని పెట్టకండి, పారేయండి. వానకు తడిసి నల్లబడిన గడ్డినీ పాలిచ్చే పశువుకు వేయవద్దు.

రెండోది యాంటీబయాటిక్. పొదుగువాపు వచ్చి మందు ఎక్కించిన పశువు పాలను, ఆ మందు సీసా మీద రాసినన్ని రోజులు లేదా పశువైద్యుడు చెప్పినన్ని రోజులు అమ్మకూడదు, పెరుగుకూ వాడకూడదు. ఇంట్లో ఒక గోడ క్యాలెండర్ పెట్టి, ఏ పశువుకు ఏ రోజు ఏ మందు ఇచ్చారో, మళ్లీ ఏ రోజు నుంచి పాలు అమ్మవచ్చో రాయండి. దీనికి పైసా ఖర్చు లేదు. కొనేవాళ్లు అడిగినప్పుడు చూపించడానికి ఇంతకంటే మంచి ఆధారమూ లేదు.

పితికేటప్పుడు పాటించవలసినవి మీకు తెలియనివి కావు. పొదుగు కడిగి శుభ్రమైన గుడ్డతో తుడవడం, ప్రతి చన్ను నుంచి మొదటి నాలుగు ధారలు వేరే గిన్నెలో పితికి పలుకులున్నాయేమో చూడడం, ప్లాస్టిక్ బకెట్ బదులు స్టీలు క్యాన్ వాడడం, వడగట్టిన వెంటనే చల్లబరచడం. ఇంటి దగ్గర అమ్మే పాలను రెండు గంటల్లోపు కొనేవారికి చేర్చాలి, లేదా 4 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరచాలి. ఉదయం పాలు, సాయంత్రం పాలు కలపకూడదు.

తేనె అమ్మేవారికి

విశాఖ వాసులకు కొండ తేనె రుచి కొత్త కాదు. విశాఖ కేంద్రంగా 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ మన్యంలో గిరిజనులు సేకరించిన తేనెను దశాబ్దాలుగా అమ్ముతోంది. అరకు వైపు వలిసె పూలు విరగబూసే కాలంలో తేనెటీగలకు పండగే. మైదానంలో జీడిమామిడి, కొబ్బరి, కూరగాయ తోటలు ఉన్న చోట పెట్టెలతో తేనెటీగలను పెంచుకోవచ్చు. బీర, సొర, కాకర పాదులకు పరాగ సంపర్కం బాగా జరిగి దిగుబడి పెరగడం దీనివల్ల వచ్చే రెండో లాభం.

తేనె మంచిదో కాదో తేల్చడానికి ఇళ్లలో చేసే పరీక్షలను నమ్మవద్దు. నీళ్ల గ్లాసులో అడుగుకు దిగితే మంచిదని, అగ్గిపుల్ల మండితే అసలైనదని చెప్పేవన్నీ తేమ, చిక్కదనం మాత్రమే చెబుతాయి. చిక్కటి చక్కెర పాకం కూడా ఆ పరీక్షల్లో నెగ్గుతుంది. తేనె పేరుకుంటే కల్తీ అనడమూ పొరపాటే. పూలను బట్టి అసలు తేనె కూడా పేరుకుంటుంది. సీసాను గోరువెచ్చని నీటిలో కాసేపు ఉంచితే కరుగుతుంది. పొయ్యి మీద పెట్టకూడదు.

తేనె అమ్మే రైతు దగ్గర ఉండవలసిన పరికరం రిఫ్రాక్టోమీటర్. రెండు చుక్కలతో తేమ శాతం చెబుతుంది. తేమ 20 శాతం దాటితే ఆ తేనె పులిసిపోతుంది. పట్టులో గదులు మూడొంతుల వరకు మైనంతో మూసుకున్నాకే తీయాలి. చేత్తో పిండకుండా తేనె తీసే యంత్రంతో తీయాలి. పూలు ఉన్న కాలంలో ఈగలకు చక్కెర పాకం పెట్టకూడదు. ఎక్కువ మొత్తంలో అమ్మదలచినవారు ఏడాదికి ఒక్కసారైనా గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో పరీక్ష చేయించి ఆ నివేదికను కొట్టులో పెట్టాలి. గుజరాత్‌లోని ఆనంద్‌లో జాతీయ పాడి అభివృద్ధి మండలి 2020లో ప్రత్యేకంగా తేనె పరీక్షల ప్రయోగశాలను ప్రారంభించింది. వేరే ఊరి వ్యాపారి దగ్గర డబ్బాల్లో కొన్న తేనెను "మా తోట తేనె" అని అమ్మడం మాత్రం మీ చేతులతో మీరే నిప్పు పెట్టుకోవడం.

ఒక్క హెచ్చరికను మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయడం మన దగ్గర చాలా ఇళ్లలో ఆచారం. ఏడాది నిండని పిల్లలకు తేనె పెట్టకూడదు. ఎంత స్వచ్ఛమైన తేనెలోనైనా క్లాస్ట్రీడియం బొట్యులినం అనే సూక్ష్మజీవి విత్తులు ఉండవచ్చు. పెద్దవారికి అవి హాని చేయవు. పసివారి పేగుల్లో మొలకెత్తి విషాన్ని పుట్టిస్తాయి. బిడ్డ పాలు చప్పరించలేకపోవడం, మెడ నిలపలేకపోవడం, మలబద్ధకం, ఆపై ఊపిరి అందకపోవడం దాకా వెళ్లవచ్చు. వేడిచేసినంత మాత్రాన ఆ విత్తులు చావవు. మీరు అమ్మే ప్రతి తేనె సీసా మీద "ఏడాదిలోపు పిల్లలకు పెట్టవద్దు" అని తెలుగులో రాయండి. మనవడి బారసాలకని తేనె అడిగే పెద్దలకు నోటితోనూ చెప్పండి.

ఏ2, దేశవాళీ, గానుగ: మాటలకు హద్దు

2024 ఆగస్టు 21న ఆహార భద్రత సంస్థ పాలు, నెయ్యి మీద "ఏ1", "ఏ2" అనే ప్రచారం తీసేయమని కంపెనీలకు సూచించింది. ఆగస్టు 26న ఆ సూచనను వెనక్కి తీసుకుంది. సూచన లేదు కాబట్టి ఏమైనా రాసుకోవచ్చని అర్థం కాదు. ఏ2 అనేది పాలలోని బీటా కేసిన్ అనే మాంసకృత్తి రకం. మన ఒంగోలు, పుంగనూరు వంటి నాటు జాతుల పాలలో ఎక్కువగా ఉండేది అదే. గేదె పాలలోనూ అదే. దీనివల్ల జబ్బులు రావని చెప్పడానికి గట్టి ఆధారం లేదు. ఐరోపా ఆహార భద్రత సంస్థ 2009లో పరిశీలించి, ఏ1 పాలకూ దీర్ఘకాలిక జబ్బులకూ సంబంధం రుజువు కాలేదని చెప్పింది. నెయ్యిలోనైతే ఉండేది దాదాపు అంతా కొవ్వే, మాంసకృత్తి కాదు. ఏ2 నెయ్యి అన్న మాటకు శాస్త్రపరంగా బలం లేదు. "మా ఇంటి ఒంగోలు ఆవు వెన్న కాచిన నెయ్యి" అని నిజమే రాయండి. అది చాలు.

నెయ్యి ధరలో కూడా నిజం దాగి ఉంటుంది. 4 శాతం వెన్న ఉన్న ఆవు పాలైతే కిలో నెయ్యికి 25 లీటర్లకు తక్కువ పట్టవు. 7 శాతం ఉన్న గేదె పాలైతే 15 లీటర్ల వరకు పడతాయి. ఆ పాల ఖరీదు కంటే తక్కువకు ఎవరైనా ఆవు నెయ్యి ఇస్తానంటే కొనేవారు ఆలోచించాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి నెయ్యి, వెన్న మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ మేరకు పెద్ద కంపెనీల నెయ్యి మీద పన్ను భారం తగ్గింది. చిన్న రైతు ధరతో వాళ్లతో పోటీ పడలేడు. తన చేతిలో ఉన్నది తాజాదనం, తెరిచి చూపించగల పాక.

రిజిస్ట్రేషన్ తప్పదు

సహకార సంఘంలో సభ్యుడై, తన పాలు మొత్తం ఆ సంఘానికే పోసే రైతుకు ఆహార భద్రత రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఉంది. కొన్ని పాలు ఇంటి దగ్గర అమ్మడం మొదలుపెట్టగానే ఆ మినహాయింపు వర్తించదు. 2011 నాటి నిబంధనల్లో ఏడాదికి 12 లక్షల రూపాయల టర్నోవర్ లోపు వారికి రిజిస్ట్రేషన్, ఏటా ఫీజు 100 రూపాయలు, ఆపైన లైసెన్స్. ఇలాంటి హద్దులు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తుకు ముందు ఫోస్కాస్ పోర్టల్‌లో ప్రస్తుత హద్దు చూసుకోండి. వచ్చిన 14 అంకెల నంబరును సీసా మీద, కొట్టులో కనిపించేలా పెట్టండి. సీల్ వేసి అమ్మే సీసా మీద పేరు, బరువు, తయారైన తేదీ, మీ చిరునామా కూడా ఉండాలి.

లాభం లెక్క కాగితం మీద వేయండి

ఒక ఉదాహరణ చూద్దాం. రోజుకు 10 లీటర్లు. కేంద్రంలో లీటరుకు 50 రూపాయలు వస్తుంది, ఇంటి దగ్గర 70 వస్తుంది అనుకుందాం. చూడగానే రోజుకు 200, నెలకు 6,000 మిగులుతుందనిపిస్తుంది. కానీ రోజూ ఒక లీటరు అమ్ముడుపోకపోతే 70 పోయింది. ఇళ్లకు చేర్చడానికి పెట్రోలు 40, సీసాలు, కరెంటు కలిపి 30. మిగిలేది రోజుకు 60, నెలకు 1,800. ఇందులో ఇంటి ఆడవాళ్లు సీసాలు కడిగిన కూలి లెక్క వేయనేలేదు. మిగిలిన పాలను పెరుగుగా, నెయ్యిగా మార్చగలిగితేనే లెక్క మెరుగవుతుంది.

కాబట్టి కేంద్రానికి పాలు పోయడం ఒక్కసారిగా మానకండి. పండగలకు, సెలవులకు నగరవాసులు ఊళ్లకు వెళ్లిపోయినా గేదె పాలివ్వడం మానదు. నికరంగా రోజూ పోయించుకునే ఇళ్లు ఎన్నో చూసుకుని, అన్ని లీటర్లే పక్కకు తీయండి. ఈనిన పశువు జున్నుపాలకు గిరాకీ బాగా ఉంటుంది. అయినా మొదటి హక్కు దూడదే. పుట్టిన గంట, రెండు గంటల్లోపు దూడకు తాగించి, దాని కడుపు నిండాక మిగిలినవే అమ్మండి.

కొనేవారు అడగవలసినవి, అమ్మేవారు సిద్ధంగా ఉంచవలసినవి

1. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ నంబరు.
2. పశువుల టీకాల వివరాలు. 2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ పశు వ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద గాలికుంటు టీకా, 4 నుంచి 8 నెలల పెయ్య దూడలకు బ్రూసెల్లా టీకా వేస్తారు.
3. ఈసుకుపోయిన పశువు ఉంటే దానికి బ్రూసెల్లా పరీక్ష చేయించారా, తేలేదాకా దాని పాలు ఆపారా?
4. మందులు ఇచ్చిన తేదీల క్యాలెండర్.
5. దాణా నిల్వ ఉంచే చోటు. చూడనిస్తే సగం నమ్మకం అక్కడే వస్తుంది.
6. పాలు పితికిన సమయం, తేనె తీసిన నెల, దాని తేమ శాతం.
7. తేనె సొంత పెట్టెలదా, సేకరించినదా, కొన్నదా?

వీటిలో ఏది చేయడానికీ పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. టీకాలు, పరీక్షల కోసం మీ రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడిని, మండల పశువైద్యాధికారిని కలవండి. అత్యవసరమైతే 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

పక్క పొలాల కూరగాయ రైతులకూ ఒక మాట. తేనె పెట్టెలు దగ్గర్లో ఉంటే పూత మీద ఉన్న పాదులకు పగటిపూట పురుగుమందు కొట్టవద్దు. తప్పనిసరైతే సాయంత్రం ఈగలు గూటికి చేరాక కొట్టండి, ముందురోజే పెట్టెల యజమానికి చెప్పండి. ఈగలు చస్తే ఆయనకు తేనె పోతుంది, మీకు కాయ నిలవదు.

నగరం మన పొలిమేరకు వచ్చింది. ఆ కొనుగోలుదారులు మన పాలు, మన తేనె కావాలంటున్నారు. వారికి తేనెను పచ్చిగానే ఇవ్వండి, పాలను కాచుకోమని చెప్పి ఇవ్వండి. ఈ వారంలో చేయవలసిన పని ఒక్కటే: మందుల క్యాలెండర్ గోడకు తగిలించి, సీసాల మీద ఆ రెండు హెచ్చరికలు అంటించండి. బోర్డు రంగులు ఆ తర్వాత వేసుకోవచ్చు.